తెల్లబలగం, తొలి ఎత్తు

పాత ట్రంకుపెట్టెలోని పుస్తకాలకు చెద పట్టిందేమోనని మొన్న అన్నీ తీసి ఎండలో పరిచాను. అడుగున రెండువందల పుటల నోటుపుస్తకం ఒకటి కనబడింది. అట్టమీద ‘చదరంగము – 1986’ అని నా దస్తూరీయే. ఆ రోజుల్లో నేనూ, మా బడి లెక్కల మాస్టారూ మధ్యాహ్నపు విరామంలోనూ, సాయంత్రం బడి విడిచాక వరండాలోనూ ఆడిన ఆటలు ఎత్తు ఎత్తునా అందులో వ్రాసిపెట్టుకున్నాను. ప్రతి ఆట చివరా గెలిచినవారి గుర్తుగా ‘తె’ అనో ‘లె’ అనో ఉంది. ‘తె’ అంటే తెలుగు మాస్టారా, తెల్లపావులా అన్న సందేహం ఇప్పుడు నాకే కలుగుతోంది. పండితుడు చేసిన సంకేతనిర్ణయం ఇలాగే ఏడుస్తుంది! చివరి పుటల్లో మరొక దస్తూరీ ఉంది, గుండ్రని పిల్లవాడి అక్షరాలు. దాని సంగతి తరువాత చెబుతాను.

ఆ పుస్తకం ముందు పెట్టుకుని రెండు రోజులు బల్లమీద ఆ ఆటలన్నీ మళ్ళీ నడిపాను. తెల్లబలగంతో ఆడేవాడు తన ఆరంభాన్ని ఎలా ఎంచుకోవాలి అన్న విషయంలో ఎన్నో ఏళ్ళుగా నాకున్న అభిప్రాయాలు కొన్ని కదిలిపోయాయి. అవి మీతో చెప్పుకుందామని ఈ ప్రయత్నం. చదరంగం అంతగా తెలియని మిత్రులు కూడా చదవవచ్చు, పరిభాష తక్కువే వాడతాను. మా వైపు మూలల్లో నిలిచేది ఏనుగు, రాజుకూ మంత్రికీ పక్కన నిలిచేవి శకట్లు. కొన్ని చోట్ల శకటును ఒంటె అంటారు. వారు ఒంటె అనే చదువుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు.

నేను ఆట నేర్చినది మా తాతగారి దగ్గర, అరుగుమీద. ఆయన ఆటలో బంటుకు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే. రెండు సేనలూ ఎదురుపడడానికే చాలాసేపు పట్టేది కనుక ఏ ఆరంభం ఆడాలన్న ప్రశ్నే మాకు రాలేదు. అటువంటి దేశవాళీ ఆటలోనే పెరిగి ఇంగ్లండు వెళ్ళినవాడు మీర్ సుల్తాన్ ఖాన్. పాశ్చాత్య నిబంధనలు ఆలస్యంగా నేర్చుకున్నాడు, ఆరంభాల శాస్త్రం ఆయనకు అంతంతమాత్రం. అయినా 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1930-31 హేస్టింగ్స్ పోటీలో తెల్లపావులతో సాక్షాత్తూ కాపబ్లాంకాను ఓడించాడు. ఆరంభాలు కంఠస్థం కాకపోతే ఆటే రాదనేవారికి నేను ఈయన పేరు చెబుతుంటాను. కాకపోతే మనం సుల్తాన్ ఖాన్‌లం కాము, అదొక్కటే చిక్కు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఊరికి వచ్చిన సోవియట్ పుస్తకాల బండిలో చదరంగం మీద ఆంగ్ల గ్రంథం ఒకటి చవగ్గా దొరికింది. అందులో 1851లో లండన్‌లో ఆండర్సన్, కీసెరిట్‌స్కీ ఆడిన ఆట చదివాను. ఆండర్సన్ ఒక శకటును, రెండు ఏనుగులను, చివరకు మంత్రిని కూడా బలియిచ్చి, మిగిలిన శకటుతో, గుర్రాలతో ఆట కట్టేశాడు. నాకు ఒళ్ళు పులకరించింది. ఆ ఆట ‘రాజు గాంబిట్’. రాజు ముందరి బంటును రెండు గళ్ళు నడిపి, ఎదుటివాడూ అలాగే నడిపితే, రెండో ఎత్తులోనే రాజు పక్క శకటు ముందరి బంటును ఎర వేయడం. ఎదుటివాడు దాన్ని తింటే వాడి బంటు నడిమి గడి విడిచి పక్కకు పోతుంది. మనం కోట కట్టుకున్నాక ఏనుగుకు ఆ వరుస తెరుచుకుంటుంది. ఇక దాడే దాడి. అయితే ఆ బంటు మన రాజుకు కూడా ప్రహరీగోడ. గోడ మనమే కూల్చుకున్నామన్న సంగతి ఆండర్సన్ మోజులో నాకు తోచలేదు.

తరగతిలో ఉద్యోగపర్వం, కర్ణపర్వం చెప్పేవాణ్ణి కదా, వీరరసం నా సొత్తనుకున్నాను. నోటుపుస్తకంలో రాజు గాంబిట్ ఆటలు ఇరవైమూడు ఉన్నాయి. గెలిచినవి ఐదు. ఆ ఐదింటినీ ఇప్పుడు జాగ్రత్తగా నడిపి చూస్తే మరో ఆశ్చర్యం. వాటిలో ఒక్కటి కూడా దాడితో గెలిచినది కాదు! దాడి వట్టిపోయి, మంత్రులు మారిపోయి, బల్లమీద రాజులూ ఒక్కొక్క ఏనుగూ నాలుగైదు బంట్లూ మిగిలాక, అప్పుడు మెల్లగా గెలిచాను. ఈ మాట లెక్కల మాస్టారు 1987లోనే అన్నారు. “మాస్టారూ, మీ ఆట మంత్రులు పోయాకే మొదలవుతుందండీ. అంతవరకూ మీరు ఆడేది ఎవరిదో ఆట” అన్నారు. నాకు కోపం వచ్చి రెండు రోజులు బల్ల ముట్టుకోలేదు.

అందుచేత ఆరంభం ఎంచుకునేవారికి నేను చెప్పే మాట ఒకటే. మీకు ఏ ఆటలు చదవడం ఇష్టమో చూసుకోకండి, అది పాఠకుడి రుచి. మీ ఓటముల్లో ఏ ఎత్తు దగ్గర మొదటిసారి చెమట పట్టిందో గుర్తు పెట్టుకోండి. బంటు తక్కువై ఆడుతున్నప్పుడు నిద్రపట్టనివాడికి గాంబిట్లు ఎందుకు? మంత్రులు మారిపోగానే ఆవులించేవాడికి నింపాది ఆరంభాలు ఎందుకు?

మా తాతగారి బల్లమీద లేని ఒక సూక్ష్మం ఇక్కడ ఉంది. రాజు బంటు రెండు గళ్ళు దూకితే, ఆ క్షణాన దానికి కాపు ఎవరూ ఉండరు. మంత్రి బంటు దూకితే వెనుక మంత్రి ఉన్నాడు. రాజు బంటు ఆటలో సేనలు తొందరగా కలియబడడానికీ, మంత్రి బంటు ఆట కాస్త నిదానంగా ముదరడానికీ ఇదొక కారణం. పైగా రాజు బంటు నడిపినవాడు తానే ఆటను నిర్ణయించాననుకుంటాడు గాని, సగం నిర్ణయం ఎదుటివాడిదే. వాడు సిసిలియన్ ఆడవచ్చు, ఫ్రెంచి ఆడవచ్చు, కారోకాన్ ఆడవచ్చు. వాటన్నిటికీ మన దగ్గర జవాబు ఉండాలి. నా రాజు గాంబిట్ ముచ్చట కూడా, వాడు రాజు బంటుతో జవాబిస్తేనే కదా! లెక్కల మాస్టారు పాపం, నా సంతోషం కోసం ఎప్పుడూ అలాగే జవాబిచ్చేవారని ఇప్పుడనిపిస్తోంది.

ఆయన మాట తలకెక్కాక నేను మంత్రి బంటుకు మారాను. మంత్రి బంటు, ఆ పక్క శకటును ముందే బయటకు తీయడం, ఆ తరువాత రాజు బంటును ఒక్క గడి నడపడం. ఆ వరుస తప్పకూడదు, బంటు ముందు కదిలితే శకటు లోపలే బందీ. అటూ ఇటూ బంట్లు గోపురంలా నిలుస్తాయి. దీన్ని లండన్ పద్ధతి అంటారని చాలాకాలానికి తెలిసింది. 1922 లండన్ పోటీ మీదుగా వచ్చిన పేరట. ఎదుటివాడు ఏం చేసినా దాదాపు అదే అమరిక, కంఠస్థం చేయవలసింది తక్కువ. ముసలివాళ్ళ ఆట అని ఎగతాళి చేసేవారు. 2023 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆరో ఆట డింగ్ లిరెన్ దీనితోనే గెలిచాడు కనుక ఇప్పుడు ఎవరూ నోరెత్తడం లేదు. దీనిలోనూ గొయ్యి ఉంది. శకటు ఇల్లు వదిలితే దాని పక్కనున్న గుర్రం ముందరి బంటుకు కాపు పోతుంది. నల్లమంత్రి పక్కదారిన వచ్చి సరిగ్గా దానిమీదే కన్నేస్తాడు. ‘అలవాటైన అమరికే కదా’ అని ఎదుటివాడి ఎత్తు చూడకుండా ఆడి ఆ బంటును ఎన్నిసార్లు పోగొట్టుకున్నానో నోటుపుస్తకమే సాక్షి.

దూకుడువాళ్ళు రాజు బంటు, నింపాదివాళ్ళు మంత్రి బంటు అని పంచేస్తే సరిపోతుందా అంటే, పోదు. పాములా మెల్లగా చుట్టి బిగించే కార్పోవ్ తన మంచి రోజుల్లో చాలావరకు రాజు బంటే ఆడాడు. మెరుపుదాడుల కాస్పరోవ్ తొలినాళ్ళలో ఎక్కువగా మంత్రి బంటు ఆడాడు. ఛందస్సుతో పోల్చి చెబితే మీకు సులభంగా తెలుస్తుంది. శార్దూలంలో శోకమూ చెప్పవచ్చు, కందంలో యుద్ధమూ చెప్పవచ్చు. వృత్తం పేరు ముఖ్యం కాదు, అందులో మన ఊపిరి ఎక్కడ ఆగుతుందన్నది ముఖ్యం. (కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు అన్న సామెతలో బంటు వేరే బంటు లెండి.) 1985లో మాస్కోలో చివరి ఆటకు కార్పోవ్ గెలిచి తీరవలసి వచ్చింది. గెలిస్తేనే కిరీటం నిలుస్తుంది. రాజు బంటే ఆడాడు, కాని ఆనాడు తన నింపాది పక్కన పెట్టి, రాజు వైపు బంట్లను ముందుకు తోసి దాడికి దిగాడు. ఓడిపోయాడు. ఆరంభం తనదే. ఆడిన తీరు మాత్రం ఆ అవసరానిది.

మహానుభావులు ఏ ఎత్తయినా ఆడగలరు. 2024లో సింగపూర్‌లో డింగ్ మీద గెలిచి ప్రపంచ విజేత అయిన గుకేశ్ ఆ పోటీ మొదటి ఆటలో రాజు బంటు నడిపి ఓడాడు, మూడో ఆటలో మంత్రి బంటు నడిపి గెలిచాడు, పదకొండో ఆటలో గుర్రంతో మొదలుపెట్టి మళ్ళీ గెలిచాడు. చెన్నైలో పుట్టిన ఆ తెలుగు పిల్లవాడికి అప్పటికి పద్ధెనిమిదేళ్ళు. మనబోటివాళ్ళకు ఒక్కటి కుదిరితే పదివేలు.

ఇక ఆ గుండ్రని అక్షరాల సంగతి.

1996లో మా బడిలో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు చదరంగంలో మెరికలా ఉండేవాడు. రాజు బంటు, గుర్రం, శకటు, అదే గుర్రాన్ని మళ్ళీ ముందుకు దూకించి శత్రురాజు పక్క శకటు ముందరి బంటును గుద్దడం, వాడికి ఇదే ఆట. ఆ గడికి ఆట మొదట్లో రాజు ఒక్కడే కాపు. అందుకే ఆ చోటు మెత్తన. గుర్రం పోతే పోయింది, శత్రురాజు నడివీధిలోకి వచ్చాడు కదా అని వాడి కళ్ళు మెరిసేవి. పది ఆటల్లో నాలుగు ఘోరంగా ఓడేవాడు, ఆరు గెలిచేవాడు. నాకు ఆ నాలుగే కనబడ్డాయి. నా గాంబిట్ల అవమానం వాడిమీద తీర్చుకున్నానో ఏమో! జిల్లా పోటీలకు ముందు నెలరోజులు కూర్చోబెట్టి నా మంత్రి బంటూ, నా శకటూ, నా బంట్ల గోపురమూ నేర్పాను. మిగిలిన పుటలు వాడికిచ్చి ఆటలు వ్రాయమన్నాను. “మాస్టారూ, ఒక్క ఆట రాజు బంటు ఆడనా?” అని పోటీ రోజున కూడా అడిగాడు. “ముందు కుదురు నేర్చుకోరా” అన్నాను.

తెల్లపావులతో మూడు ఆటలు ఆడాడు. రెండు సమం, ఒకటి ఓటమి. తరువాతి వారం నోటుపుస్తకం నా బల్లమీద పెట్టి వెళ్ళాడు. మళ్ళీ ఆడడానికి రాలేదు. చదువు ధ్యాసలో పడ్డాడని నాకు నేను చెప్పుకున్నాను. ఆ పుటలు నేనెన్నడూ తెరిచి చూడలేదు.

మొన్న చూశాను. మూడు ఆటల్లోనూ ఎనిమిది, తొమ్మిది ఎత్తుల వరకు నేను చెప్పింది చెప్పినట్టు ఆడాడు. చక్కని స్థితి, ఎక్కడా లోపం లేదు. మూడో ఆటలో తొమ్మిదో ఎత్తు పక్కన పెన్సిలుతో సన్నగా ‘ఇప్పుడేం చెయ్యాలి’ అని ఉంది.

వాడికిప్పుడు నలభై దాటాయి, పక్క మండలంలో ఎరువుల దుకాణం. ఎవరెవరినో అడిగి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. గొంతు గుర్తుపట్టి “మాస్టారూ, బాగున్నారాండీ” అన్నాడు. చదరంగం ఆడుతున్నావురా అంటే, దుకాణం కట్టేశాక రాత్రిళ్ళు సెల్‌ఫోన్లో ఆడుతుంటానన్నాడు. తెల్లపావులతో ఏం ఆడతావన్నాను.

“రాజు బంటేనండీ. అప్పుడూ ఇంటి దగ్గర అదే ఆడేవాణ్ణి, మీకు చెప్పలేదు గాని.”

ఆ పెన్సిలు గీత సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత నవ్వుతూనే, “మీరు చూస్తారనే వ్రాశానండీ” అన్నాడు.

నేను చెప్పవలసిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. బదులుగా, నాతో ఒక ఆట ఆడతావా, తెల్లబలగం నీదే అన్నాను. రోజుకో ఎత్తు ఫోనులో చెప్పుకుంటున్నాం. నిన్న ఆరో ఎత్తులో గుర్రంతో ఆ మెత్తని బంటును కొట్టాడు. గుర్రం ఒక్కసారే నా మంత్రినీ ఏనుగునూ పట్టింది కనుక రాజుతో తీశాను. ఈ ఉదయం వాడి మంత్రి బయటికి వచ్చి నా రాజుకు కట్టు చెప్పాడు. నడిమి గడిలో నా గుర్రం ఒంటరిగా ఉంది, దానికి కాపుగా రాజును బల్ల మధ్యకు నడిపించాలి. రాత్రి ఎనిమిదికి దుకాణం కట్టేస్తాడు. అప్పుడు చెబుతాను.