మూడు చక్రాలు, మైనస్ తొమ్మిది

సైడ్‌కార్ అనగానే మీకేం గుర్తొస్తుంది? ఇంకేముంటుంది, 1975లో వచ్చిన 'షోలే'! ధర్మేంద్ర, అమితాబ్ ఒకే బండి మీద ఊరేగుతూ పాడిన పాట. దారిలో సైడ్‌కార్ ఊడి తన దారిన తను పోయి, మళ్ళీ వచ్చి బండికి అతుక్కుంటుంది. హాలంతా ఈలలు! నిజం బండికి ఆ ముచ్చట లేదు బాబూ. ఊడిందంటే మనం ఆస్పత్రికి, అది షెడ్డుకి.

నా ఓటు మాత్రం ఇంకో సినిమాకి. 1989లో వచ్చిన 'ఇండియానా జోన్స్ అండ్ ది లాస్ట్ క్రూసేడ్'. కొడుకు హారిసన్ ఫోర్డ్ బండి నడుపుతుంటాడు, తండ్రి షాన్ కానరీ పక్క తొట్టిలో కూచుంటాడు. వెనకాల శత్రువులు తరుముతుంటారు. కొడుకు వీరలెవెల్లో వాళ్ళని చిత్తు చేసి, మెచ్చుకుంటాడేమోనని తండ్రి మొహం వంక చూస్తాడు. ఆయన మొహంలో ఆ ఛాయలే ఉండవు! ఆ సీను రాసినాయన మా నాన్నని ఎక్కడో చూసే ఉంటాడని నా అనుమానం.

ఇది మా నాన్న కథ. ఒక బండి కథ. ఒక చలికాలం కథ.

జాడీకి వాసెన కట్టినట్టు

నేనుండేది అమెరికాలో మినియాపొలిస్. జనవరి రాత్రి మైనస్ 18 డిగ్రీలంటే "ఆఁ, మామూలే" అనే ఊరు. నా బండి యూరల్, 2009 మోడల్, సెకండ్‌హ్యాండ్. దాని చరిత్రే ఓ సినిమా. జర్మనీ వాళ్ళ బి.ఎం.డబ్ల్యు. ఆర్ 71 నమూనాగా 1941లో సోవియట్ సైన్యం కోసం తయారైన ఎం-72 దీనికి తాత. యుద్ధం మాస్కో దాకా వచ్చేసరికి ఫ్యాక్టరీని యూరల్ కొండల దగ్గర ఇర్బిట్‌కి తరలించారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక బళ్ళు బిగించే పని కజకస్తాన్‌లోని పెత్రోపావ్ల్‌కి మారింది. పుట్టిందీ యుద్ధం వల్లే, రెండుసార్లు ఊరు మారిందీ యుద్ధం వల్లే!

నవంబరు వచ్చిందంటే ఇక్కడ మోటార్ సైకిళ్ళన్నీ నిద్రకి పోతాయి. ఊరికే గుడ్డ కప్పి పడేస్తే కుదరదు. ట్యాంకు నిండా పెట్రోలు పొయ్యాలి, లేకపోతే ఖాళీలో చేరిన తేమకి లోపల తుప్పు పడుతుంది. పెట్రోలు చెడిపోకుండా స్టెబిలైజర్ కలిపి, అది కార్బురేటర్ దాకా చేరేలా పది నిమిషాలు ఇంజను నడపాలి. ఆ వేడి మీదే పాత ఆయిల్ దింపి కొత్తది పొయ్యాలి. వాడిన ఆయిల్లో చేరిన ఆమ్లాలు నాలుగు నెలలూ బేరింగుల్ని కొరుక్కు తింటాయి. బ్యాటరీ విప్పి ఇంట్లో చిన్న చార్జర్‌కి తగిలించాలి. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ ఈ ఊరి చలికి గడ్డకట్టదు, ఖాళీది గడ్డకట్టి పగిలిపోతుంది. సైలెన్సర్ మూతిలో స్టీలు పీచు కుక్కాలి. లేదంటే ఎలుకలు కాపురం పెడతాయి! కుక్కిన సంగతి చీటీ రాసి హ్యాండిల్‌కి కట్టుకోవాలి. పైన కప్పేది ప్లాస్టిక్ అయితే తేమ లోపలే ఉండిపోతుంది, గాలాడే గుడ్డే కప్పాలి.

అచ్చం మా అమ్మ ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టే. తడి తగలకూడదు, ఊరూరికే తెరవకూడదు. నడిచలికాలంలో ముచ్చటపడి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తుంటారు కొందరు. అది జాడీలో తడి గరిటె పెట్టడమే. ఇంజను పూర్తిగా వేడెక్కదు, లోపల పుట్టిన ఆవిరి నీరై అక్కడే కూచుంటుంది.

"ఆ గుడ్డ కింద ఏముందిరా?"

ఓ డిసెంబరులో నాన్న వచ్చారు. తెనాలిలో జావా నడిపిన మనిషి ఆయన. కిక్ రాడ్డే గేరు రాడ్డుగా మారే బండి అది. ట్యాంకు మీద నన్నూ, వెనకాల అమ్మనీ ఎక్కించుకుని ఫస్ట్ షోకి బయల్దేరేవారు. అమ్మ పోయిన ఏడాదికి ఆయనకి పక్షవాతం వచ్చింది. ప్రాణం నిలిచింది గానీ ఎడం కాలు సగమే తిరిగొచ్చింది. జావా అమ్మేశారు. ఆ రోజు నుంచీ వీధి గుమ్మం దాటడం మానేశారని చెల్లెలు ఫోన్లో ఏడ్చింది. అందుకే పిలిపించాను.

ఇక్కడేముంది? లోపల హీటరు, బయట మంచు. కిటికీ పక్క కుర్చీయే ఆయన లోకం. మూడు వారాల్లో మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "తిన్నారా నాన్నా?" "ఊఁ." "టీవీ పెట్టనా?" "వద్దు." ఒక రాత్రి మా ఆవిడతో, "నన్ను పంపించెయ్యండమ్మా. అక్కడైతే నా మంచం నాకుంది" అన్నారట. కళ్ళముందే మనిషి కుంచించుకుపోతుంటే చెయ్యడానికేమీ తోచలేదు.

మర్నాడు గ్యారేజీలోంచి బియ్యం బస్తా తెద్దామని వెళ్తే, చేతికర్ర పట్టుకుని వెనకే వచ్చారు.

"ఆ గుడ్డ కింద ఏముందిరా?"

గుడ్డ తీశాను. కుంటుకుంటూ బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. తొట్టి అంచు మీద చెయ్యి వేసి, "షోలే బండి! దీన్నెందుకురా ఇలా పాతిపెట్టావు?" అన్నారు.

"చలికాలం నాన్నా. ఏప్రిల్ దాకా ఎవరూ తియ్యరు."

"ఏప్రిల్ దాకా నేనుంటానా?"

తిరుగు ప్రయాణం టిక్కెట్టు మార్చికి ఉంది నిజమే. ఆ మాట మాత్రం నాకు టిక్కెట్టు గురించి అన్నట్టు వినపడలేదు.

ఏనుగుల సంబరం

"మామయ్యగారు అడిగితే చంద్రమండలానికైనా తీసుకెళ్తారా? ఒకసారి స్ట్రోకు వచ్చిన మనిషి!" అని మా ఆవిడ గయ్‌మంది. ఆమె భయం ఉత్తుత్తి భయం కాదు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. ఇద్దరం కలిసి ఆయన్ని చూస్తున్న డాక్టర్నే అడిగాం. ఆయన నవ్వి షరతులు పెట్టాడు. బీపీ అదుపులో ఉన్న రోజే, ఎండ కాసే మధ్యాహ్నమే. మైనస్ 10కి దిగితే వద్దు. ఇరవై నిమిషాలు మించొద్దు. మాట తడబడినా, చెయ్యి తిమ్మిరెక్కినా ఆ క్షణమే ఆస్పత్రికి.

చలిలో సైడ్‌కార్ తోలడం నేను కనిపెట్టిన పిచ్చేమీ కాదు. 1956లో జర్మనీలో ఎర్న్‌స్ట్ లెవర్కుస్ అనే మోటార్ సైకిళ్ళ పత్రికా రచయిత స్టుట్‌గార్ట్ దగ్గర నడిచలిలో బళ్ళ సంబరం మొదలుపెట్టాడు. జుండాప్ కె.ఎస్. 601 అనే బండికి 'ఆకుపచ్చ ఏనుగు' అని ముద్దు పేరు. అందుకే అది ఏనుగుల సంబరం అయింది. 1989 నుంచి బవేరియా అడవుల్లో జరుగుతోంది. మంచులోనే డేరాలు వేసుకుని పడుకుంటారు మహానుభావులు!

కిటుకేమిటంటే, మంచు మీద రెండు చక్రాల బండి జారిందంటే పడ్డట్టే. మూడు చక్రాలది జారుతుంది గానీ నిలబడుతుంది. అలాగని మామూలు మోటార్ సైకిల్ తోలినట్టు తోలితే గోవిందా! ఇది ఒరగదు, హ్యాండిల్ బలంగా తిప్పాలి. అమెరికాలో తొట్టి కుడి పక్కన ఉంటుంది. థ్రాటిల్ ఇస్తే బండి కుడికి గుంజుతుంది, వదిలితే ఎడమకి. కుడి మలుపులో వేగం మించితే తొట్టి గాల్లోకి లేస్తుంది. ఖాళీ తొట్టి అయితే మరీను. అందుకే ఒంటరిగా తోలేటప్పుడు అందులో ఇసుక బస్తాలు వేస్తారు. నా బండికి తొట్టి చక్రాన్ని కూడా ఇంజనుతో తిప్పే లివరుంది. అది మంచులో దేవుడు. పొడి రోడ్డు మీద వేస్తే మాత్రం మలుపు తిరగనని మొండికేస్తుంది.

శనివారం ఓ ఖాళీ మైదానంలో అరవై కిలోల ఇసుక వేసుకుని రెండు గంటలు కుడి మలుపులే తిరిగాను. నాన్న బరువు 62 మరి!

"చోక్ లాగరా!"

ఆదివారం మధ్యాహ్నం. ఎండ ఉంది. మైనస్ 9. బీపీ చూశాం, బాగానే ఉంది. ఉన్ని బట్టలు, స్వెట్టరు, కోటు, మొహానికి ఉన్ని ముసుగు, హెల్మెట్. 32 కిలోమీటర్ల వేగంతో పోతే ఆ మైనస్ 9 గాలి ఒంటికి మైనస్ 19లా తగులుతుంది. నడిపేవాడి కంటే కూచున్నవాడే నయం. తొట్టికి ముందు అద్దం ఉంటుంది, ఛాతీ దాకా టార్పాలిన్ కప్పుతాం. ఎక్కించడమే కష్టమైంది. కోడలొక రెక్క, నేనొక రెక్క పట్టుకున్నాం. ఆయన ఎడం కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకుని, "ఊఁ, పోనీ!" అన్నారు.

చలికి బ్యాటరీ నీరసించింది. ఇంజను మూలిగి ఆగింది. తొట్టిలోంచి కేక! "చోక్ లాగరా! థ్రాటిల్ ముట్టుకోకు!" మూడు వారాల తర్వాత ఆ ఇంట్లో మా నాన్న గొంతు వినపడింది. మూడోసారికి ఇంజను అందుకుంది.

లేక్ హారియట్ వైపు పోనిచ్చాను. వెనకాల హీటరు వేసుకుని మా ఆవిడ కారు, సినిమాలో శత్రువుల జీపులాగా! మొదటి కుడి మలుపు వచ్చింది. నా గుండె గొంతులో ఉంది. హ్యాండిల్ తిప్పాను. అప్పుడు చూశాను... నాన్న తనంతట తనే కుడికి ఒరిగి, బరువంతా లోపలి పక్కకి వేశారు. చెయ్యమని నేను చెప్పలేదు, ఇసుక బస్తా ఆ పని చెయ్యదు. తొట్టి నేలకి అతుక్కున్నట్టు తిరిగింది. ముప్ఫై ఏళ్ళు బండి తోలిన ఒళ్ళు అది. కాలు మర్చిపోయింది గానీ నడుము మర్చిపోలేదు.

గడ్డకట్టిన చెరువు మీద మనుషులు నడుస్తున్నారు. చంటిపిల్లాడొకడు తొట్టిని చూసి చెయ్యి ఊపాడు. నాన్న కూడా ఊపారు. పదిహేడో నిమిషాన ఇల్లు చేరాం. ముసుగు తీస్తూ, "మలుపులో థ్రాటిల్ తొందరగా వదిలేస్తున్నావు" అన్నారు. మెచ్చుకోలు సంగతి అడక్కండి. షాన్ కానరీయే నయం!

ఆ రాత్రి భోజనాల దగ్గర జావా అమ్మిన రోజు గురించి చెప్పారు. కొన్నవాడు బండి తీసుకెళ్తుంటే వీధి చివర మలుపు తిరిగేదాకా చప్పుడు వింటూ నిలబడ్డారట. "ఆ తర్వాత వీధిలోకి రావడానికి నాకు పనేముందిరా?" అన్నారు. మా ఆవిడ లేచి ఆయన కంచంలో ఇంకాస్త పెరుగు వేసింది.

మార్చి దాకా ఇంకో నాలుగుసార్లు తిరిగాం. రోడ్డు మీద చల్లిన ఉప్పు బండిని తినేస్తుంది కనక, కాస్త ఎండెక్కిన రోజున నీళ్ళతో కడిగేవాణ్ణి. ఆయన కుర్చీలో కూచుని ఎక్కడ మరక మిగిలిందో చేతికర్రతో చూపించేవారు.

తెనాలి వెళ్ళిన రెండు నెలలకి ఫోన్. గేర్లు లేని స్కూటరు కొన్నారట. వెనక రెండు పక్క చక్రాలు బిగించారట. కాయితాల కోసం చెల్లెలు ఆఫీసుల చుట్టూ తిరిగిందట. ఇప్పుడు రోజూ బజారుకి తనే వెళ్ళి కూరలు తెస్తున్నారు.

"బిగించిన కుర్రాడికి దీని సంగతేం తెలీదురా" అన్నారు, గొంతు పెంచి. "ఇది ఒరగదు, హ్యాండిల్ తిప్పాలి, మలుపులో నెమ్మదిగా పోవాలి అని వాడికి నేనే పాఠం చెప్పి వచ్చాను."