ఉంగరాలామె ఊరు

పిల్లలూ! ఇటలీ దేశంలో నేపుల్స్ నగరం నుంచి చిన్న రైలెక్కితే కాసేపట్లో ఎర్కొలానో అనే ఊరు వస్తుంది. ఊరి నడుమ పెద్ద గొయ్యి ఉన్నది. అంచున నిలబడి తొంగి చూడండి! అడుగున వీధులూ, ఇళ్ళూ కనిపిస్తవి. అదే హెర్క్యులేనియం అనే రోమను పట్టణం. క్రీ. శ. 79 లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై దీనిని సుమారు 20 మీటర్ల లోతున పూడ్చివేసింది.

కిందికి దిగి ఆనాటి సముద్రపుటొడ్డుకు వెళదాం. ఇప్పుడు సముద్రం దూరంగా జరిగిపోయింది. ఒడ్డున వరుసగా కమాను గదులున్నవి. ప్రాణభయంతో జనం వీటిలో తలదాచుకున్నారు. కాని సెగలు కక్కే బూడిద మేఘం వారిని వదలలేదు. 1980 తరువాత జరిగిన త్రవ్వకాలలో ఇక్కడ సుమారు 300 అస్థిపంజరాలు బయటపడినవి.

వాటిలో ఒక స్త్రీ చేతి ఎముకలకు రాళ్ళు పొదిగిన బంగారు ఉంగరాలు రెండు అలాగే ఉన్నవి. కంకణాలు కూడా దొరికినవి. బంగారం తుప్పు పట్టదు గదా! ఆమె పేరెవరికీ తెలియదు. అందుచేత పండితులు "ఉంగరాలామె" అని పిలిచారు.

ఆనాటి కంసాలులు రాళ్ళను నునుపుగా సానపట్టేవారు. ఈజిప్టు పచ్చలను చాలాసార్లు పుట్టుకతో వచ్చిన ఆరు పలకల రూపంలోనే ఉంచి, బెజ్జం వేసి, బంగారు తీగతో కూర్చేవారు. ముత్యాలు మన దేశం నుంచి కూడా వెళ్ళేవి. గార్నెట్ అనే ఎర్రరాయి కూడా అంతే. రోమనులతో వర్తకం సాగిన పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో దొరికిన గార్నెట్లు మన తెలంగాణలోని గరీబ్‌పేట రాళ్ళేనని 2017 లో పరిశోధకులు తెలిపారు.

రాళ్ళు కొనలేనివారికి రంగుగాజు ఉండేది. ఇసుకను క్షారంతో కరిగించి, రాగి వంటివి కలిపితే పచ్చల వన్నె వచ్చేది. దానిని అసలు రాయని అమ్మే మోసగాళ్ళూ ఉండేవారు! ప్లినీ అనే రోమను పండితుడు పరీక్షలు వ్రాసిపెట్టాడు: అసలు రాయి చల్లగా, బరువుగా ఉంటుంది, గాజులో బుడగలు కనిపిస్తవి. ఆ ప్లినీ కూడా 79 లో, ఆ వెసూవియస్ ప్రళయంలోనే మరణించాడు.

మీరూ ఒక గాజుపూసను వెలుతురుకెదురుగా పట్టి బుడగలకోసం వెతకండి. పాతనగను చూసినప్పుడు మాత్రం ధర ఒక్కటే అడగకండి. అది ఎవరి చేతిదో కూడా అడగండి.