సముద్రానికి పెరటి గుమ్మం లేదు

వేసవి సెలవులకు సముద్రం దగ్గరికి వెళ్దామని ఇంట్లో అనుకుంటున్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. బీచ్‌ను ఫోటో చూసి ఎంచుకోకండి. ఆ నీళ్లలో దిగబోయేది ఎవరో చూసి ఎంచుకోండి. చెప్పడానికి చిన్న మాటే. కానీ పిల్లలు ఫోన్‌లో ఒక ఫోటో చూసి "అమ్మా, ఇక్కడికే వెళ్దాం" అని పట్టుబట్టినప్పుడు ఈ మాట మీద నిలబడడం ఎంత కష్టమో, నిలబడితే ఎంత మేలో, పోయిన వేసవిలో బార్బడోస్‌లో గడిపిన పది రోజుల్లో మా ఇంటిల్లిపాదికీ తెలిసింది.

బార్బడోస్ కరీబియన్ దీవుల్లో ఒకటి. 2024 జూన్ 29న మన జట్టు దక్షిణాఫ్రికాను 7 పరుగుల తేడాతో ఓడించి టీ20 ప్రపంచ కప్ గెలిచింది అక్కడి కెన్సింగ్టన్ ఓవల్ మైదానంలోనే కాబట్టి, మన పిల్లలకు ఆ పేరు కొత్త కాదు. మా చెల్లెలు, మరిది ఉద్యోగరీత్యా అక్కడ ఉంటున్నారు. వాళ్లు రమ్మని పిలిస్తే లండన్ మీదుగా ఐదుగురం బయలుదేరాం. మా వారు, నేను, ఎనిమిదో తరగతి పూర్తిచేసిన అమ్మాయి, మూడో తరగతి పూర్తిచేసిన బాబు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య.

అమ్మాయికి ఈత బాగా వచ్చు. స్కూల్ పోటీల్లో పతకం కూడా తెచ్చుకుంది. బాబుకు నీళ్లంటే భయం. షవర్ కింద నిలబడితేనే కళ్లు గట్టిగా మూసుకుని గోడ పట్టుకుంటాడు. అత్తయ్యకు నీడ, కూర్చోవడానికి చోటు, దగ్గర్లో బాత్‌రూమ్ ఉంటే చాలు. ఒకే కుటుంబానికి మూడు రకాల సముద్రాలు కావాలన్నమాట. మీ ఇంట్లోనూ లెక్క ఇంచుమించు ఇలాగే ఉంటుందనుకుంటాను.

ఒకే దీవి, వేర్వేరు నీళ్లు

ఆ దేశం మొత్తం పొడవు సుమారు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల సులువుగా ఇమిడిపోతుంది. ఇంత చిన్న దీవిలో ఏ బీచ్ అయితే ఏమిటి, అన్నీ ఒకటే కదా అనిపిస్తుంది. కానీ తూర్పున నిలబడి చూసిన సముద్రానికీ, పడమట చూసిన సముద్రానికీ పోలికే లేదు.

కారణం మన పిల్లల సాంఘిక శాస్త్రం పుస్తకంలోనే ఉంది. అక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు ఈశాన్య వ్యాపార పవనాలు వీస్తుంటాయి. తూర్పు తీరానికి ఎదురుగా అట్లాంటిక్ మహాసముద్రం. ఆఫ్రికా వైపు నుంచి నాలుగు వేల కిలోమీటర్లకు పైగా దొర్లుకుంటూ వచ్చిన అలలు మొదట గుద్దుకునేది ఈ దీవినే. పడమటి తీరం దీవి చాటున ఉంటుంది. గాలి వెనక నుంచి వస్తుంది కాబట్టి ఆ వైపు కరీబియన్ సముద్రం చాలా రోజులు చెరువులా ఉంటుంది. దక్షిణ తీరం ఈ రెండింటికీ మధ్యస్థం. అల ఉంటుంది, కానీ అదుపులో ఉంటుంది.

ఆంధ్ర తీరంలో పుట్టి పెరిగిన మనకు సూర్యుడు సముద్రంలోంచి ఉదయించడమే తెలుసు. అక్కడ ఉదయం తూర్పున సూర్యోదయం చూసి, సాయంత్రం పడమట సూర్యాస్తమయం కూడా నీళ్లలోనే చూడొచ్చు. మధ్యలో కారు ప్రయాణం గంట కూడా ఉండదు.

"నాకు ఈత వచ్చు కదా!"

మేం చేరిన రెండో రోజు రాత్రి భోజనాలయ్యాక మా చెల్లెలు బల్ల మీద దీవి మ్యాప్ పరిచింది. అమ్మాయి వెంటనే ఆగ్నేయ మూలన ఉన్న క్రేన్ బీచ్ మీద వేలు పెట్టింది. ఎత్తైన కొండచరియల కింద లేత గులాబీ రంగు ఇసుక, నీలం నీళ్లు. ఆ ఫోటో మూడు నెలల నుంచి దాని ఫోన్ వాల్‌పేపర్. నేను తూర్పు తీరాన ఉన్న బాత్‌షెబాను కూడా చూపించి, ఈ రెండు చోట్లా చూడ్డానికి వెళ్తాం గానీ ఈతకు కాదని చెప్పాను.

"నాకు ఈత వచ్చు కదా అమ్మా! తమ్ముడికి రాకపోతే నేనెందుకు మానుకోవాలి?" అంది. న్యాయమైన ప్రశ్నే. "నేను చెప్పాను కాబట్టి" అని కసిరితే ఆ పూటకు మాట నెగ్గేది, కానీ మిగిలిన ఎనిమిది రోజులు అది నా వెనకాలే ముఖం ముడుచుకుని నడిచేది. అందుకని మా మరిది ఒక పని చేశారు. మర్నాడు పొద్దున్నే దాన్ని క్రేన్ బీచ్ పైన చరియ మీదికి తీసుకెళ్లారు. "పది నిమిషాలు ఏమీ మాట్లాడకుండా అలలు చూడు. తర్వాత నువ్వే చెప్పు" అన్నారు.

ఆ రోజు కింద ఎర్ర జెండా ఎగురుతోంది. అంటే నీళ్లలో దిగకూడదని. పై నుంచి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. అలలు ఒడ్డుకు వచ్చి పడుతున్న చోట్ల తెల్లటి నురగ ఉంది. ఒక్క చోట మాత్రం నురగ లేదు, నీరు నిదానంగా, నల్లగా కనిపిస్తోంది. "అదిగో, అక్కడ అలలు లేవు. అక్కడ దిగొచ్చు కదా బాబాయ్" అంది అమ్మాయి. ఆయన తల అడ్డంగా ఊపారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అదేనట. దాన్నే రిప్ కరెంట్ అంటారు. ప్రశాంతంగా కనిపించే చోటే మనిషిని లోపలికి లాగేస్తుంది. ఎదురీదితే ఎంతటి ఈతగాడైనా అలసిపోతాడు. అందులో చిక్కుకుంటే కంగారుపడకుండా తేలుతూ ఉండాలి. చెయ్యెత్తి సాయం కోసం పిలవాలి. ఈదగలిగితే ఒడ్డుకు ఎదురుగా కాదు, ఒడ్డు వెంబడి పక్కకు ఈది ఆ ప్రవాహం దాటాలి.

తిరిగొచ్చాక అమ్మాయి నాతో అన్న మాట ఇది: "పూల్‌లో నీళ్లు నిలబడి ఉంటాయమ్మా. ఇక్కడ నీళ్లే నడుస్తున్నాయి." నేను గంటసేపు చెప్పినా ఇంత బాగా చెప్పలేకపోయేదాన్ని.

ఒక పెద్దాయన చెప్పిన సామెత

బాత్‌షెబాకు నాలుగో రోజు వెళ్లాం. ఇళ్లంత బండరాళ్లు నీళ్లలో నిలబడి ఉంటాయి. వాటి పాదాలు అలల తాకిడికి అరిగిపోయి, కొన్ని పుట్టగొడుగుల్లా కనిపిస్తాయి. అక్కడి అలలను సూప్ బౌల్ అంటారు. ప్రపంచం నలుమూలల నుంచి సర్ఫింగ్ చేసేవాళ్లు వస్తారు. నురగ చూస్తేనే మన గుండె జారుతుంది. ఒడ్డు దగ్గర రాళ్ల మధ్య చిన్న చిన్న మడుగులున్నాయి. పోటు తగ్గిన వేళ చూసుకుని అందరం కాళ్లు ముంచుకుని కూర్చున్నాం.

కొబ్బరి బొండాలు అమ్ముతున్న ఒక పెద్దాయన మా అమ్మాయి సర్ఫర్ల వైపు కళ్లార్పకుండా చూడడం గమనించాడు. నవ్వుతూ ఆ దేశపు సామెత ఒకటి చెప్పాడు. మన మాటల్లో చెప్పాలంటే, సముద్రానికి పెరటి గుమ్మం లేదు. ఇంట్లో ఏదైనా ఆపద వస్తే వెనక గుమ్మంలోంచి బయటపడొచ్చు. సముద్రంలో ఆ వీలు లేదు. వెళ్లిన దారినే రావాలి. మా అత్తయ్యకు ఇంగ్లీషు రాదు. నేను తెలుగులో చెప్పగానే "ఏ ఊరైనా గంగమ్మ దగ్గర ఒకటే మాట" అన్నారు.

ఎవరి సముద్రం వాళ్లకు

వద్దని చెప్పడం సగం పనే. మరెక్కడైతే సరే అని చెప్పడం మిగతా సగం. అమ్మాయికి అలలు కావాలి కదా. దక్షిణ తీరంలోని ఆక్రా బీచ్‌లో లైఫ్‌గార్డులు ఉంటారు, అల నడుము ఎత్తు దాటని రోజులు ఎక్కువ. అక్కడ బూగీ బోర్డు అద్దెకు తీసుకుని, దాని మీద బోర్లా పడుకుని అలతో పాటు ఒడ్డుకు జారడం నేర్చుకుంది. లైఫ్‌గార్డుకు కనిపించే మేరలోనే ఉండాలి, వాళ్ల బాబాయ్ పక్కనే ఉండాలి. ఈ రెండు షరతులూ ఒక్కసారి కూడా తప్పలేదు. కారణం తెలిసిన షరతును పిల్లలు మోయగలరు.

అదే బీచ్ పక్కన సముద్రం వెంబడి చదునైన నడకదారి ఉంది. అత్తయ్య రోజూ పొద్దున్నే అక్కడ నడిచారు. ఎదురైన ప్రతి ఒక్కరూ "గుడ్ మార్నింగ్" అనేవారు. మూడో రోజుకు ఆవిడే ముందుగా అనడం మొదలుపెట్టారు. మధ్యాహ్నాలు ఓయిస్టిన్స్ ఊరి దగ్గరి మయామీ బీచ్‌కు పులిహోర డబ్బాతో వెళ్లాం. అక్కడ సరుగుడు చెట్ల నీడ ఉంది. అచ్చం మన తీరంలో ఉన్నట్టే ఉందని ఆవిడ ముచ్చటపడ్డారు.

ఇక బాబు. రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌ను ఆనుకుని కార్లైల్ బే అనే అర్ధచంద్రాకారపు తీరం ఉంది. పడమటి వైపు కాబట్టి అల చప్పుడే ఉండదు. దాని అడుగున, లోతు తక్కువ చోట, పాత ఓడలు మునిగి ఉన్నాయి. వాటి చుట్టూ చేపలు, తాబేళ్లు. ఓడల కథ వినగానే మా వాడికి భయం కన్నా కుతూహలం ఎక్కువైంది. మొదటి రోజు చీలమండ దాకా దిగాడు. రెండో రోజు మోకాళ్ల దాకా. మేం ఎవరం "ఇంకొంచెం, ఇంకొంచెం" అనలేదు. అక్క దూరంగా వెళ్లి ఆడుకోగలిగి కూడా వాడి పక్కనే నిలబడింది. ఐదోసారి వెళ్లినప్పుడు వాడే కళ్లద్దాల మాస్క్ అడిగి, నా చెయ్యి పట్టుకుని, నీళ్లలో ముఖం పెట్టాడు. లేచి "అమ్మా, నా కాళ్ల దగ్గర చేపలున్నాయి!" అని అరిచాడు. పక్కన అలలుంటే ఆ ముఖం నీళ్లలో మునిగేది కాదు.

పిల్లలతో వెళ్లేవాళ్లకు మరికొన్ని

అక్కడి బీచ్‌లలో మాంచినీల్ అనే చెట్టు ఉంటుంది. చిన్న ఆకుపచ్చ ఆపిల్ లాంటి కాయలు రాలి ఉంటాయి. అవి విషం. ఆ చెట్టు పాలు మన జెముడు పాల కన్నా ప్రమాదం. వాన పడుతున్నప్పుడు దాని కింద నిలబడినా ఒళ్లు బొబ్బలెక్కుతుంది. చాలా చోట్ల మాను మీద ఎర్ర గుర్తు వేస్తారు. పిల్లలకు మొదటి రోజే చూపించండి.

2011 నుంచి చాలా ఏళ్లుగా సర్గాసం అనే గోధుమరంగు నాచు వేసవిలో తూర్పు, దక్షిణ తీరాలకు కొట్టుకొస్తోంది. కుళ్లితే పాడైన కోడిగుడ్ల వాసన. నిన్న శుభ్రంగా ఉన్న బీచ్ ఇవాళ అలా ఉండకపోవచ్చు. పొద్దున్నే స్థానికులను అడిగి బయలుదేరడం మంచిది. ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. బ్రిడ్జ్‌టౌన్ దాదాపు చెన్నై ఉన్న అక్షాంశంలోనే ఉంది. గాలి చల్లగా తగలడం వల్ల చర్మం మాడుతున్నట్టే తెలియదు. టోపీ, పొడుగు చేతుల ఈత చొక్కా తప్పనిసరి. సైనికుల దుస్తుల్లాంటి మచ్చల బట్టలు మాత్రం పెట్టెలో పెట్టకండి. అక్కడ వాటిని పిల్లలు వేసుకున్నా చట్టవిరుద్ధమే. తాబేలు దగ్గరికొస్తే చూడనివ్వండి గానీ ముట్టుకోనివ్వకండి.

ఇంతదూరం వెళ్లే వీలు అందరికీ ఉండదు. అవసరం కూడా లేదు. రుషికొండ అయినా, సూర్యలంక అయినా, మంగినపూడి అయినా అడగవలసిన ప్రశ్నలు ఇవే. గాలి ఎటు నుంచి వస్తోంది? లైఫ్‌గార్డు ఉన్నారా, ఏ జెండా ఎగురుతోంది? ఈ ఊరివాళ్లు ఎక్కడ స్నానం చేస్తారు, ఎక్కడ చెయ్యరు? మనలో అందరికన్నా ఈత తక్కువ వచ్చినవాళ్లు ఎక్కడ నిలబడతారు? నీడ ఎక్కడ? ఈ ప్రశ్నలు మీరు అడగకండి. మీ పిల్లల చేత అడిగించండి. జవాబులు వాళ్లే కాగితం మీద రాయనివ్వండి. ఆ తర్వాత కూడా వద్దని చెప్పాల్సి వస్తే, వాళ్లకు కారణం ముందే తెలిసి ఉంటుంది.

మా అమ్మాయి ఫోన్‌లో వాల్‌పేపర్ ఇప్పుడు మారింది. క్రేన్ బీచ్ ఫోటో పోయి, మాస్క్ పెట్టుకుని నీళ్లు కారుతున్న ముఖంతో నవ్వుతున్న తమ్ముడి ఫోటో వచ్చింది.

మీకూ మీ పిల్లలకూ క్షేమమైన, ఆనందమైన సెలవులు.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని తల్లి