చలి తాగిన ఆయిలు

పోయిన డిసెంబరులో నా పికప్ ట్రక్కుకి తాళం వేసుకునే పెట్రోలు మూత కొన్నాను. ఎవరో రాత్రిళ్ళు నా ట్యాంకులోంచి పెట్రోలు లాగేస్తున్నారని నా అనుమానం.

అనుమానానికి ఆధారం ఒక నోటు పుస్తకం. బండి కొన్న రోజు నుంచీ రాస్తున్నా. తేదీ, మీటరు రీడింగు, ఎన్ని గ్యాలన్లు పట్టింది, దాన్నిబట్టి గ్యాలనుకి ఎన్ని మైళ్ళు వచ్చింది. ఫోన్లో ఇలాంటివి రాసుకోడానికి యాప్‌లున్నాయని తెలుసు. కానీ ఈ అలవాటు మా నాన్నది. ఆయన లారీ డ్రైవరు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు ఉండేవి.

మేముండేది డులూత్‌లో. మిన్నెసోటాలో ఉత్తరాన, సుపీరియర్ సరస్సు ఒడ్డున, కొండవాలు మీద ఉన్న ఊరు. జనవరిలో మైనస్ 20 డిగ్రీలంటే ఇక్కడ ఎవరికీ వార్త కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునేవాడికి పికప్ ట్రక్కు ఎందుకు అని మినియాపొలిస్‌లో ఉన్న మనవాళ్ళు ఎగతాళి చేస్తారు. ఒకడైతే "పాల వ్యాను ఎలా ఉంది మామా" అంటాడు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చింది, మంచులో బాగుంటుంది అని చెప్తాను కానీ, అసలు కారణం వేరే. వెనక తొట్టి ఉన్న బండి తోలాలని నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

ఎండాకాలంలో గ్యాలనుకి 18 మైళ్ళిచ్చేది. అక్టోబరు చివర్లో 16. థాంక్స్‌గివింగ్ దాటేసరికి 14. డిసెంబరు రెండో వారంలో 13. అదే ఆఫీసు, అదే రోడ్డు, అదే పెట్రోలు బంకు. లెక్క మళ్ళీ మళ్ళీ చేశా. మా అపార్టుమెంటు వెనక పార్కింగులో నా బండి పక్కన ఒక కుర్రాడు తన పాత కారు పెట్టుకుంటాడు. చిన్న చిన్న పనులు చేసుకుంటాడు, రాత్రి లేటుగా వస్తాడు. వాడి మీదికి పోయింది నా మనసు. ఒక రాత్రి పన్నెండింటికి కిటికీ దగ్గర లైటు తీసేసి కూచుని చూశా కూడా. ఆ కుర్రాడు కారు దిగి, అద్దాల మీద మంచు పట్టకుండా పాత దుప్పటి కప్పి, లోపలికి పోయాడు. అంతే.

తాళం మూత పెట్టిన వారం మైలేజీ 12.8 వచ్చింది.

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నాడు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, పదహారో ఏట నుంచీ పికప్పులే తోలుతున్నాడు. భోజనాల దగ్గర ఆయనకి చెప్పా, ఎవరో పెట్రోలు దొంగిలిస్తున్నారని. పెద్దాయన నవ్వలేదు. మూడు ప్రశ్నలు అడిగాడు. ఇంటి నుంచి ఆఫీసు ఎంత దూరం? పొద్దున బండి స్టార్ట్ చేసి ఎంతసేపు ఉంచుతావు? టైర్లలో గాలి ఆఖరిసారి ఎప్పుడు చూశావు?

నాలుగు మైళ్ళు. పావుగంట, ఒక్కోసారి ఇరవై నిమిషాలు. ఆగస్టులో.

"దొంగ దొరికాడుగా" అన్నాడు.

ఆ సాయంత్రం కూచుని చదివాను. అమెరికా ప్రభుత్వం వాళ్ళ లెక్కే ఉంది. బయట 25 డిగ్రీలున్నప్పటితో పోలిస్తే మైనస్ 7 డిగ్రీల్లో మామూలు పెట్రోలు కారు సుమారు 15 శాతం తక్కువ మైలేజీ ఇస్తుంది. మూడు నాలుగు మైళ్ళ చిన్న ప్రయాణాలైతే 24 శాతం దాకా పడిపోవచ్చు. మా ఊళ్ళో మైనస్ 7 అంటే జనం జాకెట్ జిప్పు తీసుకుని తిరుగుతారు.

కారణం ఒక్కటి కాదు, పది చిన్న చిన్న కారణాలు. సంక్రాంతి రోజుల్లో కొబ్బరినూనె సీసా గుర్తుందా? వేలు పెడితే దిగదు, ఎండలో పెట్టాల్సి వచ్చేది. ఇంజన్ ఆయిలు అంతలా గడ్డకట్టదు గానీ దారి అదే. చిక్కబడిన నూనెలో ఇనుము తిరగాలంటే బలం కావాలి. ఆ బలం పెట్రోలులోంచే రావాలి. చిన్న కారుకి ఇది కొంచెం. నాది ఎనిమిది సిలిండర్ల ఇంజను, ఏడెనిమిది లీటర్ల ఆయిలు పడుతుంది. అంత ఇనుమూ, అంత నూనే, అంత కూలెంటూ వేడెక్కాలి. అది గేర్‌బాక్సుతో ఆగదు. పికప్పుకి వెనక ఇరుసు మధ్యలో, మన లారీలకున్నట్టే, డిఫరెన్షియల్ గుండు ఉంటుంది. దానికి ఇంజను వేడి తగలదు. అందులోని చిక్కటి నూనె, గేర్లు తిరిగీ తిరిగీ తనంతట తాను వేడెక్కాల్సిందే. నాలుగు మైళ్ళకి అది కళ్ళు తెరిచేలోగా నేను ఆఫీసుకి చేరిపోతాను.

చల్లటి ఇంజనులో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. అందుకని స్టార్ట్ అయిన మొదటి నిమిషాల్లో కంప్యూటరు కావాలనే ఎక్కువ పెట్రోలు పోస్తుంది. పైగా చలికాలం బంకుల్లో దొరికే పెట్రోలు తయారీ వేరు. చలిలో తేలిగ్గా అంటుకునేలా చేస్తారు, దాంతో గ్యాలనులో ఉండే శక్తి ఒకటి రెండు శాతం తగ్గుతుంది. గాలి కూడా మారిపోతుంది. 25 డిగ్రీల గాలికంటే మైనస్ 20 డిగ్రీల గాలి సుమారు 18 శాతం చిక్కన. పికప్పు ముందు భాగం బీరువా లాంటిది, గాలిని కోసుకుంటూ పోదు, నెట్టుకుంటూ పోతుంది. హైవే ఎక్కితే ఆ 18 శాతం ఎక్కడ తగులుతుందో అప్పుడు తెలుస్తుంది.

టైర్ల సంగతి ఇంకోటి. ప్రతి ఐదారు డిగ్రీల చలికి ఒక పాయింటు గాలి తగ్గుతుంది. ఆగస్టులో 35 పెట్టించినవాడిని డిసెంబరులో ఎంత ఉందో చూడలేదు. దానికి తోడు మంచుకి వేసిన మెత్తటి టైర్లు, కొండెక్కడానికి ఫోర్ వీల్ డ్రైవు, సీటు హీటరు, వెనకద్దం హీటరు. ఖాళీ తొట్టి తేలికై వెనక చక్రాలు జారుతున్నాయని ఇక్కడివాళ్ళు చూసి నేనూ నాలుగు ఇసక బస్తాలు వేశాను. వాటి మీద పడిన మంచు ఊడ్చే ఓపిక లేక దాన్నీ మోసుకు తిరుగుతున్నా.

వీటన్నిటికీ పైన, పావుగంట నిలబెట్టి వేడి చేయడం. ఈ కాలపు ఇంజనులకి అంత అవసరమే లేదట. అర నిమిషం ఆగి, నెమ్మదిగా తోలుకుంటూ పోతేనే త్వరగా వేడెక్కుతుంది. నిలబడ్డ బండి మైలేజీ ఎంత అని ఒక చోట రాశారు. సున్నా. పెట్రోలు కాలుతూనే ఉంటుంది, మీటరు మీద ఒక్క అంకె కదలదు.

ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను.

1998 డిసెంబరులో నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ఒకాయన లారీ తోలేవాడు. గుంటూరు మిర్చి లోడుతో శ్రీనగర్ పోయి, ఆపిల్ పెట్టెలతో తిరిగొచ్చాడు. రావలసినదానికంటే వారం లేటు. బనిహాల్ దగ్గర మంచు పడి రోడ్డు మూసేశారు. జవహర్ సొరంగానికి ఇవతల లారీలు బారులు తీరి ఉండిపోయాయి. ఐదు పగళ్ళు, ఐదు రాత్రులు. వచ్చాక నాన్న పెదాలు పగిలి నల్లగా ఉన్నాయి. నా కోసం ఒక ఆపిల్ పెట్టె తెచ్చాడు. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆ పళ్ళు అయిపోకముందే ఓనరు నాన్నని పనిలోంచి తీసేశాడు.

లెక్క సూటిగా ఉంది. పోనూ రానూ సుమారు 5,100 కిలోమీటర్లు. లోడు బండి లీటరుకి 4 ఇవ్వాలి. అంటే 1,275 లీటర్లు. నాన్న కొట్టించింది 1,500. తేడా 225 లీటర్లు. అప్పట్లో డీజిలు లీటరు పది రూపాయలు అటూ ఇటూ. అంటే దాదాపు నాన్న ఒక నెల జీతం. ఓనరు మాట ఊరికే అన్నదీ కాదు. ఆ రోజుల్లో ఆయిలు లాగి అమ్ముకునే డ్రైవర్లుండేవాళ్ళు, కొనడానికి ధాబాల వెనక డ్రమ్ములుండేవి. నాన్న చెప్పిందల్లా ఒకటే మాట. "చలికి బండి ఎక్కువ తాగిందండీ." ఆఫీసులో ఉన్నవాళ్ళంతా నవ్వారట. చలికి మనుషులు తాగుతారు గానీ బండ్లు తాగుతాయా అని.

ఆటోనగర్‌లో మాట పాకడానికి ఎంతసేపు? ఏడాది పాటు ఎవరూ లారీ ఇవ్వలేదు. మా ఊళ్ళో ఇసక ట్రాక్టరు తోలాడు. నన్ను బళ్ళో ఏమనేవాళ్ళో రాయను. అది నేను మర్చిపోయాను కూడా. మర్చిపోనిది ఇంకోటుంది. నాకు పదిహేడేళ్ళప్పుడు ఫీజు కట్టే గడువు దగ్గర పడింది, డబ్బు సర్దుబాటు కాలేదు. అమ్మ ముందే నాన్నని అడిగాను, "మరి ఆయిలు అమ్ముకున్న డబ్బులేం చేశావ్?" అని. నాన్న కండువా భుజాన వేసుకుని బయటికి పోయాడు. తర్వాత ఫీజు ఎలా కట్టాడో కట్టాడు. ఆ మాట మళ్ళీ మా ఇద్దరి మధ్యా రాలేదు.

ఆ రాత్రి నోటు పుస్తకంలో పెట్రోలు లెక్కల వెనక పేజీలో రాశాను. ఐదు రోజులంటే 120 గంటలు. గడ్డకట్టే చలిలో డీజిలు ఇంజను ఆపితే మళ్ళీ స్టార్ట్ అవుతుందన్న నమ్మకం లేదు. డీజిల్లో మైనం ఉంటుంది, చలి ముదిరితే పేరుకుని ఫిల్టరు మూసేస్తుంది. బ్యాటరీ సగం చచ్చిపోయి ఉంటుంది. క్యాబిన్లో ఇద్దరు మనుషులు, వాళ్ళు తెచ్చుకున్నవి కృష్ణా జిల్లా చలికి సరిపోయే దుప్పట్లు. ఇంజను ఆపరు. నిలబెట్టిన లారీ గంటకి లీటరున్నర తాగిందనుకున్నా 180 లీటర్లు. మిగిలింది 45. జమ్మూ నుంచి పైకి ఘాట్ రోడ్డు, మొదటి గేర్లో కాన్వాయ్, చిక్కబడ్డ ఆయిలు, గాలి తగ్గిన టైర్లు. 45 లీటర్లు పెద్ద లెక్కే కాదు.

ఇది పంచాయితీలో నిలబడే రుజువు కాదని నాకు తెలుసు. ఆ లారీ నిజంగా గంటకి ఎంత తాగిందో ఎవరు కొలిచారు? కానీ ఓనరు లెక్కలో ఆ 120 గంటలకి చోటే లేదు. కిలోమీటర్లు, లీటర్లు, తేడా. తేడా అంటే దొంగతనం. మొన్నటిదాకా నా పుస్తకంలోనూ అంతే. 18 కాస్తా 13 అయ్యేసరికి నాకు ముందు తట్టింది చలి కాదు, పక్క బండి కుర్రాడు. లారీ డ్రైవరు కొడుకుని, ఓనరులా ఆలోచించాను.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేశా. అక్కడ రాత్రి ఏడున్నర. నాన్న ఎప్పుడూ అడిగే మొదటి ప్రశ్నే అడిగాడు.

"బండి ఎంతిస్తందిరా?"

"అయిదున్నర నాన్నా. ఎండల్లో ఏడున్నర ఇచ్చేది." ఆయనకి నేనెప్పుడూ కిలోమీటర్లు, లీటర్లలోకి మార్చే చెప్తాను.

"చలి గదా" అన్నాడు, ఏమీ ఆలోచించకుండా.

అప్పుడు మొదలుపెట్టాను. ఆయిలు చిక్కబడటం, గాలి, టైర్లు, నిలబెట్టిన ఇంజను. అక్కడి నుంచి బనిహాల్, 120 గంటలు, 180 లీటర్లు. గబగబా చెప్పేశాను, మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేనని. అవతల టీవీ చప్పుడు ఆగింది. నాన్న టీవీ తగ్గించాడో, అమ్మ తగ్గించిందో.

"ఇప్పుడిదంతా ఎవరికి చెప్తావురా? ఆ ఓనరు పోయి పదేళ్ళయింది."

"నీకే నాన్నా. నీకు చెబుదామని."

"నాకు తెలుసుగా" అన్నాడు.

కోపంగా అనలేదు. నిష్ఠూరం కూడా లేదు. ఆయనకి ఇరవై ఏళ్ళ పైగా తెలిసిన సంగతి నేను కొత్తగా చెప్తున్నాను, అంతే. తెలుసుకోవలసింది ఎవరో మా ఇద్దరికీ అర్థమైంది. క్షమించమని అడుగుదామని ముందే అనుకున్న మాటలున్నాయి. నోటిదాకా వచ్చి అక్కడే ఉండిపోయాయి. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.

"గాలి చూశావా?" అన్నాడు నాన్నే చివరికి.

"లేదు. ఇప్పుడు బంకు దగ్గరికి పోతాను."

"తోలుకుపోయి చూస్తే తప్పు చూపిస్తదిరా. టైరు వేడెక్కితే గాలి ఎక్కువున్నట్టు కనిపిస్తది. బండి కదలకముందే చూడు, చల్లగా ఉన్నప్పుడు."

ఫోన్ స్పీకర్లో పెట్టి, జాకెట్టు వేసుకుని కిందికి దిగాను. మైనస్ 22. పక్క కారు మీద దుప్పటి అలాగే ఉంది. గేజి పెట్టాను.

"ఎంతుంది?"

"27. పెట్టించింది 35 నాన్నా."

"మిగతా మూడూ చూడు" అన్నాడు. నేను చూసేదాకా లైన్లోనే ఉన్నాడు.