గోడ మందము

ఉండిలో మేము ఇల్లు కట్ట సంకల్పించినప్పుడు, పటము వ్రాసినవారు వంటయింటిని ఆగ్నేయముననే యుంచిరి గాని పొయ్యియెదుట కిటికీ మరచిరి. "తాలింపు ఘాటు పోవు దారి యేది?" అని పలుమార్లడిగితిని. "చూతము లెండి" అనిరే గాని పటము మారలేదు. నోటిమాటకు కొలత లేదు; తాపీమేస్త్రి దానినెట్లు కట్టును? కావున పటము వ్రాయుట నేనే నేర్వదలచితిని.

కావ్యములు చదువుకొన్నదానవు నీకిదేల యని మావారు నవ్విరి. యజ్ఞవేదికను త్రాటితో కొలుచు విధము చెప్పిన శుల్బసూత్రములును మన పెద్దలు చదివినవే గదా యంటిని.

భీమవరమున ఇంజనీరింగు చదువుచున్న మా ఆడపడుచు కుమార్తె సెలవులకు వచ్చి, నన్ను కంప్యూటరు ముందు కూర్చుండబెట్టినది. తెరపై వెలుగు కలముతో గీతలు గీయుటను అమెరికాలో ఐవాన్ సదర్లండ్ 1963లోనే చూపెను. మేము తెరచిన ఆటోకాడ్ 1982లో వెలువడినది.

ఇందు మొదటి పాఠమే వింత. 10 అడుగుల గోడను 10 అడుగులుగనే గీయవలెను. కాగితముపై అచ్చు వేయునపుడు మాత్రము అడుగునకు పావు అంగుళము చొప్పున కుదింతురు. 'ఆర్థో' యనునది మేస్త్రి మూలమట్టము వంటిది. గీతను వంకర పోనీయదు. 'లేయర్లు' ఒకదానిపై నొకటి పరచిన పలుచని కాగితముల వంటివి: గోడలొకదాన, తలుపులొకదాన, కరెంటు తీగలు వేరొకదాన గీయుదురు.

మూడవనాటికి 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పున వంటయిల్లు గీసి, తూర్పున కిటికీ పెట్టి మురిసితిని. పొయ్యిగట్టునకు 2 అడుగులు, ఎదుటి అలమారకు అడుగున్నర పోగా, మసలుటకు నాలుగున్నర అడుగులు మిగులునని నా లెక్క.

"అత్తా, నీ గోడలకు మందము లేదే!" అన్నది పిల్ల.

నా కొలత వెలుపలి కొలత. 'ఆఫ్‌సెట్' అను ఆజ్ఞతో ప్రతి గీతను 9 అంగుళములు లోనికి దింపగా, 8 అడుగులు ఆరున్నరయైనవి. మసలుటకు మిగిలినది 3 అడుగులే! కిటికీ మరచినవారిని నిందించిన నేను గోడనే మరచితిని. సిగ్గుపడి, హాలునుండి అడుగున్నర తీసికొని మరల గీసితిని.

పునాది తీయకమునుపు గీత చెరుపుటకు ఖర్చు లేదు. కట్టిన గోడ పడగొట్టుటకు ఎంత ఖర్చో యెరుగనిదెవరు? ఈసారి మేస్త్రి "చూతము" అనలేదు. కాగితము చూచి త్రాడు పట్టెను.

సోదరీమణులారా! దినములో సగము మనము నిలుచు గదిని మనమే ఒకసారి గీసి చూచుకొందము. అయితే గోడ మందము మాత్రము మరువకుడు.