వేరండి మాస్టారూ

ముప్పై యేళ్ళ క్రిందటి మాట. కోనసీమలో తెలుగు పండితుడిగా పనిచేస్తున్న రోజులలో మిల్లు నుండి రెండు బస్తాల స్వర్ణ బియ్యం తెప్పించాను. (1982లో మార్టేరు పరిశోధన కేంద్రం నుండి వచ్చిన వంగడమది.) బస్తాలు దింపిన మా విద్యార్థి ఒక్కొక్కదానిలోంచి నాలుగు గింజలు నోట వేసుకుని, “ఇవి రెండూ ఒకటి కాదండి మాస్టారూ” అన్నాడు. నా కంటికి భేదమే లేదు. “ఎలా చెప్పగలవురా?” అంటే “వేరండి” అన్నాడే గాని మరో మాట లేదు. పెద్దమనిషి మీద నింద వేస్తావా అని మర్నాడు తరగతిలో నిలబెట్టి చీవాట్లు పెట్టాను.

మొన్న సంక్రాంతికి రాజమహేంద్రవరం వచ్చిన మా మేనల్లుడు, గణన శాస్త్రంలో పరిశోధకుడు, ఇది విని నవ్వలేదు.

“వివరణ ఎందుకడిగావు మావయ్యా? చాటుగా నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఈ బస్తా, బొరుసు పడితే ఆ బస్తా నుంచి గుప్పెడు తీసి, ఏదిరా అని అడగవలసింది. రెండూ ఒకటే అయితే వాడిది ఉత్త ఊహే. ఇరవై మార్లూ సరిగ్గా చెప్పే అవకాశం 10,48,576లో ఒక వంతు.”

ఇటువంటి ప్రశ్నోత్తర నిరూపణలకు గోల్డ్‌వాసర్, మికాలీ, రాకాఫ్‌లు 1985లో రూపమిచ్చారట. రెండు రేఖాచిత్రాలు ఒకటి కావని తేల్చడానికి 1986లో గోల్డ్‌రైక్, మికాలీ, విగ్డర్సన్‌లు చూపిన దారి అచ్చంగా ఈ గుప్పెడు బియ్యమే. చెప్పేవాడు మారుకు ఒక్క బిట్టు పలికితే చాలు!

నాలోని పండితుడు ఊరుకుంటాడా? ఏళ్ళతరబడి బడి టైంటేబులు వేసినవాణ్ణి. ఏ ఇద్దరు మాస్టర్లకూ తగవు రాని పట్టిక ఉన్నదని కూడా ఇలాగే నాలుగు ముక్కలలో నమ్మించవచ్చునా అన్నాను.

“ఆశ లేదు. పట్టిక పరిస్తే క్షణంలో సరిచూస్తావు. దాన్ని పరవకుండా కొద్ది బిట్లతో నమ్మించగలిగితే, అటువంటి పట్టిక అసలు లేదనడానికీ పొట్టి సంభాషణ పుట్టుకొస్తుందని గోల్డ్‌రైక్, వధాన్, విగ్డర్సన్‌లు 2001లో చూపారు. అది జరిగేది కాదని పెద్దల గట్టి నమ్మకం. నమ్మకమే సుమా, నిరూపణ కాదు.”

తరవాత అతడేవో చిహ్నాలు వ్రాశాడు. అవి నాకు ఎక్కలేదు. నా మనసు బస్తాల దగ్గరే ఉన్నది. పిల్లవాడు ఒక్క మాటతో ఋజువు చేయగల సంగతికి నేను వ్యాఖ్యానం అడిగాను. నాణెం ఎగరవేయవలసినవాణ్ణి నేనే. ఆ బియ్యం రెండు నెలలలో తినేశాము. ఇప్పుడు ఇరవై మార్లు అడుగుదామన్నా ఒక్క గింజ లేదు.