రెండూ స్టీలే కదా మావయ్యా!

పోయిన వేసవిలో హ్యూస్టన్‌లో మావయ్య వాళ్ళింటికి వెళ్ళా. కొత్తగా కొన్న పాత రైఫిల్ చూపించాడు. 1943 నాటి సోవియట్ మోసిన్ నాగాంట్. నాది విజిటర్ వీసా, దాన్ని ముట్టుకోకూడదు. సలహాలు మాత్రం ఇవ్వొచ్చు. ఇచ్చా!

తూటాలు రెండు రకాలు దొరికాయి. ఒకటి కొత్తగా తయారైనది. ఇంకోటి సీలు వేసిన రేకు డబ్బాలో 440 ఉండే పాత మిలిటరీ సరుకు. రెండింటికీ ఇత్తడి కేసు కాదు, స్టీలుదే. "రెండూ స్టీలే కదా మావయ్యా, చవకది తీసుకో" అన్నా. ఇంజినీరింగ్ చదివేవాణ్ణి కదా, నమ్మాడు.

నిజానికి స్టీలు చేసే తప్పు చిన్నదే. ఇత్తడిలా సాగి ఛాంబర్‌ని గట్టిగా మూయదు, కాస్త మసి వెనక్కొస్తుంది, తుడిస్తే పోతుంది. అసలు చూడాల్సింది ప్రైమర్. ఆ పాతవాటిలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలాక అది ఒకరకం ఉప్పుగా మారి గొట్టంలో పేరుకుని తేమని లాగుతుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలో కరుగుతుంది. ఇది మా అమ్మనడిగినా చెప్పేది. "ఇనుముకి నీళ్ళేంటి, నూనె చాలు" అన్న మహానుభావుణ్ణి నేనే.

మూడో రోజుకి గొట్టం లోపల ఎర్రగా తుప్పు. మావయ్య ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. డబ్బాలో ఇంకా నాలుగొందలు మిగిలాయి.

"వేణ్ణీళ్ళు పెట్టు" అన్నాడు.